దూది బిరడాలు

పోయిన వారం నీలవేణిని ఒక ఫొటో ముందు వదిలిపెట్టాం. ఆ ఫొటోలో ఏముందో, అది చూశాక ఆ ఆదివారం ఆమెకు అన్నం ఎందుకు దిగలేదో చెప్పాలంటే నాలుగు నెలలు వెనక్కి వెళ్ళాలి.

రాజాంలో పాలకొండ రోడ్డు పక్కన జగన్నాధం గారికి ఒక గోదాం ఉంది. ఆయన తాతల నాటి నుంచి వేర్లు, మూలికల వ్యాపారం. కొండల మీంచి వచ్చే చిత్రమూలం వేరు ఏటేటా తగ్గిపోతుంటే, ఆయన గోదాం మీద ఒక అంతస్తు వేయించి ల్యాబ్ పెట్టాడు. మట్టి లేకుండా, గాజు ఫ్లాస్కులో పంచదార, ఉప్పులు కలిపిన నీళ్ళలో చిత్రమూలం వేర్లను పెంచడం ఆ ల్యాబ్ పని. ఆ పని చూసేది నీలవేణి. వయసు ముప్పై ఒకటి. సంతకవిటి దగ్గర రైతుల బిడ్డ. పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం విశాఖ విశ్వవిద్యాలయంలో ఉంది, మౌఖిక పరీక్ష మిగిలి ఉంది.

వేరు పెరిగినంత మాత్రాన సరిపోదు. వేరులో ఉండే ప్లంబాజిన్ అనే మందు కావాలి. మొక్క దాన్ని ఊరికే చెయ్యదు. ఏదో తనను తినడానికి వచ్చిందని అనుమానం కలిగితే, అప్పుడు చేస్తుంది. ఆ అనుమానం పుట్టించడానికి నీలవేణి రొయ్య పెంకుల నుంచి తీసిన పొడిని నీళ్ళలో కలిపి వేర్లకు పోసేది. శాకాహారి అయిన జగన్నాధం రొయ్య పేరు తన గోదాంలో వినపడకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాడు. అందుకే రిజిస్టరులో అది 'తెల్ల పొడి'.

రెండువేల పద్నాలుగు అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి పోయింది. పోయిన పదిహేనో రోజున ఇరవై రెండు ఫ్లాస్కులకు తెల్ల పొడి పోశారు. గ్రాము ఎండువేరుకు ఆరు మిల్లీగ్రాములు రావలసిన మందు పంతొమ్మిది వచ్చింది. నీలవేణి రెండుసార్లు కొలిచింది. నివేదిక రాసి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టింది. తెల్ల పొడి తప్ప మరేదీ కలపలేదని, వాడిన సామానంతా ల్యాబ్ సామానేనని అందులో ఒక వాక్యం ఉంది. జగన్నాధం ఆ నివేదికను హైదరాబాదులోని ఒక మందుల కంపెనీకి పంపాడు. కంపెనీ వాళ్ళు ఇప్పుడు, నాలుగు నెలల తర్వాత, ఈ గురువారం వస్తామన్నారు. తమ కళ్ళ ముందు మళ్ళీ చేసి చూపమన్నారు.

ఆ పంతొమ్మిది మళ్ళీ రాలేదు. నవంబరులో ఏడు. డిసెంబరులో ఆరు. జనవరిలో మళ్ళీ ఏడు. తుపాను రోజుల్లో కరెంటు పోయి ఫ్లాస్కులు ఊపే షేకర్ ఆగింది కదా అని నీలవేణి కావాలని షేకర్ ఆపి చూసింది. గదిలో వేడి పెంచి చూసింది. అప్పట్లో బోరు నీళ్ళు వాడారని బోరు నీళ్ళు తెప్పించింది. ఏదీ పని చెయ్యలేదు. గురువారం కూడా ఏడే వస్తే ఆమె సంతకానికి అర్థం ఒకటే మిగులుతుంది. లేని అంకె రాసిందని. ఆ మాట విశాఖ చేరడానికి, మౌఖిక పరీక్షకు కూర్చునే వాళ్ళ చెవిన పడడానికి ఒక్క ఫోను చాలు.

ఇక ఫొటో. ల్యాబ్‌లో ఆమె కింద పనిచేసే సింధు అక్టోబరులో తన ఫోనుతో తీసింది. నీలవేణి దాన్ని నూరుసార్లు చూసి ఉంటుంది. చూసినప్పుడల్లా వేర్ల వంకే చూసింది. ఆదివారం మాత్రం, పెద్దది చేసి చూస్తుంటే, ఫ్లాస్కుల మూతుల దగ్గర కన్ను ఆగింది. ల్యాబ్‌కు విశాఖ నుంచి వచ్చే దూది సున్నం తెలుపు. ఫొటోలో బిరడాలకు తేనె చుక్క కలిపిన పాల రంగు ఉంది.

బిరడాలు చుట్టేది తవిటమ్మ.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు తవిటమ్మ కడుగుడు గదిలో ఉంది. తొట్టెలో ఫ్లాస్కులు, చేతిలో బ్రష్షు. ఆమెకు నలభై ఐదేళ్ళుంటాయి. ఊరు పొందూరు. ల్యాబ్ తెరిచిన నాటి నుంచి గాజుసామాను కడగడం, దూదిని గాజుగుడ్డలో చుట్టి బిరడాలు చెయ్యడం ఆమె పని. ఆమె చేసిన బిరడా లాగితే ఒకే చప్పుడుతో వస్తుందని సింధు అంటూ ఉంటుంది.

నీలవేణి తలుపు దగ్గరకు వేసి ఫోను చూపించింది.

“పిన్నీ, ఈ దూది ఎక్కడిది?”

అద్దాలు లేకపోతే తనకు కనిపించదంది తవిటమ్మ. అద్దాలు ఆమె నెత్తి మీదే ఉన్నాయి. నీలవేణి వాటిని కిందికి దించి ముక్కు మీద పెట్టింది. అప్పుడు చూసి, ల్యాబ్ దూదేనంది. తర్వాత, విశాఖ వాళ్ళు ఆ నెల వేరే రకం పంపారేమోనంది. ఆ తర్వాత, ఎందుకైనా మంచిది సింధునడగమంది. తుపాను తర్వాత సింధు పదిహేడు రోజులు కొత్తవలసలో వాళ్ళ అమ్మ దగ్గరుందని, ఫొటో తీసిన రోజే తిరిగి వచ్చిందని నీలవేణి గుర్తు చేసింది. తవిటమ్మ మళ్ళీ బ్రష్షు అందుకుని, కడిగిన ఫ్లాస్కునే కడగడం మొదలుపెట్టింది.

నీలవేణికి అర్థమైంది. ఈమెకు తెలుసు. మూడు నెలలు తను గదిలో వేడి పెంచి, నీళ్ళు మార్చి, షేకర్ ఆపి తిరుగుతుంటే ఈమె పక్కనే నిలబడి చూసింది. కోపం వచ్చింది గాని, కోపానికి టైము లేదు. గురువారానికి మధ్యలో రెండే రోజులు. ఆమె స్టూలు లాక్కుని తవిటమ్మ పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ దూది సంగతి తెలియకపోతే తన చదువు, ఉద్యోగం రెండూ పోతాయని, తను దొంగ లెక్క రాసిందంటారని. తవిటమ్మ బ్రష్షు తొట్టెలో వదిలేసింది.

“ముందు మాటియ్యి. సేతిలో సెయ్యేసి సెప్పు, ఈ సంగతి జగన్నాధం బాబుకి తెలీనియ్యనని. అప్పుడు సెప్తాను.”

విషయం వినకుండా మాట ఇవ్వకూడదని నీలవేణికి తెలియక కాదు. కాని ఆమెకు జవాబు కావాలి. తడిచేతిలో చెయ్యి వేసింది.

“మా అత్త పత్తి,” అంది తవిటమ్మ.

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. తుపాను గాలికి మేడ మీది రేకు లేచిపోయి దూది చుట్టలున్న గదిలో నీళ్ళు పడ్డాయి. కొత్త దూది పార్సిలు విశాఖలో బయల్దేరింది గాని కొత్తవలస దాటలేదు. అప్పటికి ఫ్లాస్కుల్లో వేర్లు నెల రోజులవి. తెల్ల పొడి పోసే నాటికి బిరడాలు మార్చాలి. పొడి కలిపిన నీళ్ళ సీసాలకు బిరడాలు పెట్టి, కుక్కరులాంటి ఆటోక్లేవులో ఉడికించాలి. దూది లేకపోతే నెల పని పోయినట్టేనని నీలవేణి ఆ రోజుల్లో పదిమందితో అంది. ఆ పదిమందిలో తవిటమ్మ కూడా ఉందన్న సంగతి ఆమెకు గుర్తు లేదు. తవిటమ్మకు గుర్తుంది. తర్వాత బిరడాలు సిద్ధంగా కనిపిస్తే, పార్సిలు వచ్చిందనే నీలవేణి అనుకుంది.

“నువ్వు ఏడుపు మొకం పెట్టుకుని తిరుగుతన్నావు. నాను సూడలేకపోనాను. ఇంటికెల్లి మా అత్తనడిగి పట్టుకొచ్చీసినాను. దూది దూదే గదేటి అనుకున్నాను.”

మరి చెప్పలేదేమని నీలవేణి అడిగింది. తవిటమ్మ ఆమె వంక, చదువుకున్నవాళ్ళకు ఇంత తెలియదా అన్నట్టు చూసింది. నారాయణమ్మ గుర్తు లేదా అంది. రెండేళ్ళ కిందట నారాయణమ్మ అనే మనిషి తలలో మల్లెపూలతో లోపలి గదిలోకి వెళ్ళింది. ఆ వారం పద్దెనిమిది ఫ్లాస్కులు బూజు పట్టాయి. జగన్నాధం ఆమెను ఆ పూటే పంపేశాడు. బయటి నుంచి పూచికపుల్ల కూడా లోపలికి రాకూడదని ఆ రోజే గోడ మీద రాయించాడు. పువ్వుకే పంపేసినవాడు పత్తి మూటకు ఏం చేస్తాడు? పైగా అది మామూలు పత్తి కూడా కాదు. పొందూరులో సన్న నూలు వడికే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలో పళ్ళు దువ్వెన పళ్ళలా ఉంటాయి.

“సావుకారి మేడలోకి సేప పన్ను తగిలిన సరుకు మోసుకొచ్చినానని తెలిస్తే ఊరుకుంటాడా బాబు?” అని గొంతు తగ్గించింది. “మా ఇంట్లో నెల తిరిగేసరికి జీతం తెచ్చేది నానొక్కదాన్నే. ఇది పోతే నాకింకెవులూ పనియ్యరు.”

తెల్ల పొడి దేని నుంచి వస్తుందో తవిటమ్మకు తెలుసు. ఆ పొడి డబ్బా కడిగేది ఆమే. ఆ సంగతి నీలవేణి ఎత్తలేదు.

పదకొండుకు ఇద్దరూ పొందూరు బస్సు ఎక్కారు. సింధుకు తలనొప్పి అని చెప్పి నీలవేణి, అత్తకు బాగోలేదని చెప్పి తవిటమ్మ. పక్కపక్క సీట్లే గాని రాజాం దాటేదాకా మాట్లాడుకోలేదు. కోసిన వరిమళ్ళలో మినుములు ఎండుతున్నాయి. నీలవేణి మనసులో లెక్క వేసుకుంటోంది. పత్తికి మైనం ఉంటుంది, అది నీళ్ళలో దిగిందా? బిరడా వదులై గాలి ఎక్కువ ఆడిందా? చేప దవడ నుంచి ఏదైనా అంటిందా? ఏదైనా సరే, ఆ పత్తి మళ్ళీ దొరికితే చాలు. కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

తవిటమ్మ అత్త కూర్మమ్మ వీధి అరుగు మీద కూర్చుని పత్తి దువ్వుతోంది. డెబ్భై దాటిన మనిషి. చేతిలో అరచేతి పొడవు దవడ ఎముక, ఒళ్ళో గింజతో ఉన్న పత్తి. దవడతో దువ్వగా గింజ చుట్టూ పోగులు నిటారుగా నిలుస్తున్నాయి. కోడలు పని దినాన ఇంటికి రావడం చూసి, “ఒసే తవిటీ, పన్లోంచి తీసీసినారేటే?” అంది.

ఇంకా తియ్యలేదంది తవిటమ్మ. నీలవేణి ఎవరో చెప్పింది. వచ్చిన పని చెప్పింది. కూర్మమ్మ పక్కనున్న బుట్టలోంచి దువ్విన పత్తి గుప్పెడు తీసి నీలవేణి చేతిలో పెట్టింది. రంగు అదే. పాలలో తేనె చుక్క. నీలవేణికి ఆ ఉదయం నుంచి మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళింది. అక్టోబరులో ఇచ్చింది ఇదే కదా అని అడిగింది.

కూర్మమ్మ నవ్వింది.

“ఇదెందుకిస్తాను పాపా, సీసాల నోట్లో కుక్కడానికి? ఇది వడుక్కునే పత్తి. దానికిచ్చింది పాడైపోనాది.”

తుపానుకు వాళ్ళ ఇంటి అటక కారింది. వడకడానికి ఏకులుగా చుట్టి ఎండు అరటిదొప్పల్లో పెట్టుకున్న పత్తి తడిసింది. తడిసి, వారం రోజులు ఎండ మొహం చూడలేదు. విప్పితే మచ్చలు. వడికితే పోగు తెగిపోతుంది, నూలుగా ఎవరూ తీసుకోరు. పారెయ్యడానికి చేతులు రాక దాచింది. కోడలు దూది కావాలంటే అందులోంచి ఇచ్చింది. మిగిలింది ఇంకా ఉందని చెప్పి, తవిటమ్మను అటక ఎక్కించింది.

మూడు అరటిదొప్పలు కిందికి వచ్చాయి. నీలవేణి ఒకదాన్ని విప్పింది. ఏకుల మీద మిరియపు గింజంత మచ్చలు, కొన్ని నలుపు, కొన్ని పాచి రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి గోడ వాసన వచ్చింది.

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది.

బూజు. ఆటోక్లేవులో ఉడికితే బూజు చస్తుంది. అందుకే ఆ ఇరవై రెండు ఫ్లాస్కుల్లో ఏదీ కుళ్ళలేదు. కాని చచ్చిన బూజు ఎక్కడికీ పోదు. ఆవిరి దూదిలోంచి పైకి వెళ్ళి, చల్లారి, చుక్కలుగా మళ్ళీ తెల్ల పొడి నీళ్ళలోకి దిగింది. దిగేటప్పుడు దాన్ని కూడా తెచ్చింది. రొయ్య పెంకులో ఏ పదార్థం ఉంటుందో బూజు ఒంటి గోడలోనూ అదే ఉంటుంది. దానితోపాటు తెల్ల పొడిలో లేనివి ఇంకా ఉంటాయి. వేరుకు తెల్ల పొడి ఒట్టి అనుమానం. ఇది శత్రువే. వేరు ఉన్న శక్తంతా పెట్టి మందు చేసింది.

అంటే పంతొమ్మిది నిజం. ఆమె లేని అంకె రాయలేదు. ఆ ఊరట నిలిచింది కాసేపే. అంకె నిజమైతే దాని కింద రాసిన వాక్యం అబద్ధం. తెల్ల పొడి తప్ప మరేదీ కలపలేదని సంతకం పెట్టింది. ఏ బూజో, అందులో విషం చేసే రకం ఉందో లేదో ఎవరికీ తెలియదు. దాని సారం కలిసిన మందు సీసా ఒకటి నివేదికతోపాటు హైదరాబాదు వెళ్ళింది.

తవిటమ్మ ఆమెకు మంచినీళ్ళు తెచ్చింది. మందు పెంచింది దూది కాదు, ఈ మచ్చలేనని నీలవేణి ఆమెకు చెప్పింది. తాగి, చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని, నీలవేణి తనకు తాను ఒక దారి చెప్పుకుంది. గురువారం ఈ దూదితోనే బిరడాలు పెట్టించాలి. కంపెనీ వాళ్ళు ఫ్లాస్కులో ఏం పోశామో చూస్తారు గాని మూతిలో ఏం కుక్కామో చూడరు. తను మూడు నెలలు చూడలేదు, వాళ్ళేం చూస్తారు? అంకె వస్తుంది. తవిటమ్మ పేరు రాదు, ఇచ్చిన మాట నిలుస్తుంది. మౌఖిక పరీక్ష అయిపోతుంది. ఆ తర్వాత బూజు సంగతి తీరికగా వెతికి, అప్పుడు రాస్తుంది. అబద్ధం ఆడినట్టు కాదు, నిజాన్ని కొన్నాళ్ళు వాయిదా వేసినట్టు.

ఇలా అనుకున్నాక ఆమెకు ఆకలి వేసింది. కూర్మమ్మ పెట్టిన చోడి అంబలి తాగింది. తవిటమ్మ మూడు దొప్పలూ పాత చీరముక్కలో మూట కట్టింది. ఇరవై ఫ్లాస్కులకు సరిపోతుందని చేత్తో తూచి చెప్పింది.

బయల్దేరడానికి లేస్తుండగా ఫోను మోగింది. జగన్నాధం.

ఆయనకు చెవి కాస్త మందం. ఫోనులో గట్టిగా మాట్లాడతాడు. పక్కనున్న తవిటమ్మకు ప్రతి మాటా వినపడుతోంది.

“అమ్మా నీలవేణీ, తలనొప్పంట గదా, తగ్గిందేటి? ఐద్రాబాదోలు కాయితం పంపినారు. సీసాలు వాళ్ళవేనట, మూతలు వాళ్ళవేనట, రబ్బరువట. ఆకరికి నీళ్ళు కూడా వాళ్ళే తెచ్చుకుంటారట. కలిపేదీ ఉడికించేదీ వాళ్ళే. నువ్వు వేర్లూ, ఆ తెల్ల పొడీ ఇస్తే సాలంట. మనకి పని తగ్గిందిలే.”

ఆయన గొంతులో సంతోషం ఉంది. రబ్బరు మూతలు. వాళ్ళు సీసాలు సీలు వేసి తెస్తారు, గది తలుపుకు కూడా సీలు వేస్తారు. మూడు రోజుల తర్వాత తీసి కొలుస్తారు. ఏడు వస్తుంది. ఈ మూటలో ఉన్న దూది వాళ్ళ సీసాల దగ్గరకు వెళ్ళాలంటే ఒకటే దారి. ఇది కావాలని పేరు పెట్టి అడగాలి. అడిగితే ఎక్కడిదంటారు. ఎక్కడిదో చెబితే ఎవరు తెచ్చారంటారు.

జగన్నాధం ఇంకా మాట్లాడుతున్నాడు. మన వైపు నుంచి ఇంకేదైనా వాడాలంటే ఈ పూటే రాసి పంపమన్నారట. రేపు పొద్దున్న సామాను సీలు వేసి బయల్దేరుతారట. ఆ తర్వాత ఏమడిగినా కుదరదట. ఆయన కాయితం, పెన్ను పెట్టుకునే కూర్చున్నాడు.

“ఏటి రాయమంటావు? ఏటీ అక్కర్లేదని రాసీనా?”

తవిటమ్మ నీలవేణికి దగ్గరగా జరిగింది. ఫోనుకు వినపడకుండా, చెవిలో చెప్పింది. భయపడుతున్న మనిషి గొంతు కాదది. వంటింట్లో ఉప్పు తక్కువైందని చెప్పే మనిషి గొంతు.

“అక్కర్లేదని సెప్పీ అమ్మా. ఈ మచ్చల్ని నాను కుక్కర్లో ఉడకబెట్టి, ఎండబెట్టి, సన్నగా నూరీసి ఇస్తాను. ఆ తెల్ల పొడిలో కలిపీసి ఇచ్చీ. కూసింతే గదా. రంగు మారదు. ఎవులు సూస్తారు?”

నీలవేణి ఆమె వంక చూసింది. జరుగుతుంది. అదే చిక్కు. పొడి ఉడుకుతుంది, బూజు సారం నీళ్ళలో దిగుతుంది, పంతొమ్మిది వస్తుంది. ఇంకా ఎక్కువే రావచ్చు. ఎవరూ చూడరు. అక్టోబరులో జరిగింది తెలియక జరిగింది. ఇది తెలిసి చెయ్యడం.

కూర్మమ్మ దువ్వడం ఆపి వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

“లైన్లోనే ఉన్నావేటమ్మా?” అన్నాడు జగన్నాధం.

“ఉన్నానండీ,” అంది నీలవేణి. “రాసుకోండి.”